పెట్రోల్ బంకు దగ్గర: మీ ప్రశ్నలు, మా జవాబులు

వరంగల్, హనుమకొండ మొదలు మంచిర్యాల దాకా ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బంకు దగ్గర జరిగే పంచాయితీలే. ఒకే తీరు ప్రశ్నలను ఒకచోట కలిపాం. కొందరు బంకుల పేర్లు కూడా రాశారు. వాటిని మాత్రం వేయడం లేదు.

ప్రశ్న: ఐదొందలు కొట్టమంటే రెండొందల దగ్గర ఆపిండు. "రెండొందలే అన్నరనుకున్న సార్" అని మళ్లా మొదలుపెట్టి, మిషన్ మీద 300 పడంగనే ఆపి ఐదొందలు తీసుకున్నడు. ఇంటికొచ్చినంక అనుమానమొచ్చింది. మోసపోయిన్నా? (విద్యార్థి, కాజీపేట)

జవాబు: రెండోసారి మొదలుపెట్టే ముందు మిషన్ జీరో అయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 200 తర్వాత జీరో అయి, మళ్లీ సున్నా నుంచి 300 దాకా పోతే మీకు ముట్టింది సరిగ్గా ఐదొందల పెట్రోలే. జీరో కాకుండా 200 నుంచే కొనసాగి 300 దగ్గర ఆగితే మాత్రం మీ ట్యాంకులో పడింది మొత్తం 300. మిగతా 200 పోయినట్టే.

దీన్ని కనిపెట్టడానికి ఒక గుర్తుంది. చాలా మిషన్లలో నాజిల్‌ను తిరిగి దాని గూట్లో పెట్టి మళ్లీ తీస్తే తప్ప అంకెలు జీరోకు రావు. నాజిల్ మీ ట్యాంకులోనే ఉండగా "ఇప్పుడు 300 కొడతా" అన్నాడంటే జీరో కాలేదన్నమాట. సరిగ్గా ఆ సమయానికే రెండో మనిషి వచ్చి "ఫోన్‌పేనా, క్యాషా?" అనో, "ఇంజన్ ఆయిల్ చూడమంటారా?" అనో మాట కలుపుతాడు. మీ తల అటు తిరిగితే వాళ్లకు కావాల్సింది దొరికినట్టే.

మధ్యలో ఆపితే కొనసాగించనివ్వకండి. ముందు 200 కట్టేసి బిల్లు అడగండి. మిగతా 300ను కొత్త లెక్కగా, జీరో చూసుకొని కొట్టించుకోండి. బండి దిగి మిషన్ అద్దానికి ఎదురుగా నిలబడాలి. అక్కడ మూడు వరసలుంటాయి: రూపాయలు, లీటర్లు, లీటరు ధర. రూపాయల వరసనే కాదు, లీటర్ల వరస కూడా 0.00 ఉండాలి.

ఇంటికొచ్చాక కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. ఇప్పుడు చాలా బంకుల్లో ప్రతి అమ్మకం నాజిల్ నంబరు, సమయం, లీటర్లతో సహా కంప్యూటర్లో నమోదవుతుంది. మీ యూపీఐ రసీదు మీద టైం ఉంటుంది కదా, అది పట్టుకొని అదే రోజు మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ఆ నిమిషానికి ఆ నాజిల్‌లో 200, 300 అని రెండు అమ్మకాలున్నాయా, లేక 300 అని ఒక్కటే ఉందా చూపించమనండి. ఒక్కటే ఉంటే ఇక వాదించే పని లేదు. మిగతా డబ్బులు వాళ్లే ఇవ్వాలి.

ప్రశ్న: వంద కొట్టిస్తే తక్కువ వస్తదట, 110 గానీ 120 గానీ కొట్టించాలంటరు. మిషన్ మీద అంకె సున్నా నుంచి ఒక్కసారే పదికి దుంకుతది. అది మోసమేనా? (ఆటో డ్రైవర్, హనుమకొండ)

జవాబు: 110 ముచ్చటలో పస లేదు. మీరు రూపాయలు నొక్కించినా మిషన్ కొలిచేది పరిమాణాన్నే. రేటుతో భాగించి అన్ని మిల్లీలీటర్లు పోతుంది. వందకు ఒక లెక్క, 110కి ఇంకో లెక్క దానికి తెలియదు. లోపల మోసం చేసి పెట్టిన మిషనైతే 110కి కూడా తక్కువే ఇస్తుంది.

అంకె దుంకడానికి కారణం వేగం. పైపులో పెట్రోలు నిమిషానికి 30 లీటర్ల చొప్పున పారుతోందనుకోండి. అంటే సెకనుకు అర లీటరు, యాభై రూపాయలకు పైమాటే. అద్దం మీద అంకె సెకనుకు నాలుగైదు సార్లు మారినా, ఒక్కో మార్పుకు పది రూపాయలు దాటిపోతాయి. కాబట్టి పది, పన్నెండు దగ్గర మొదటి అంకె కనబడటం తప్పేమీ కాదు. నాజిల్ ఇంకా ట్యాంకులోకి దిగకముందే అంకెలు కదిలితే మాత్రం ఆపించండి.

ఆఖరు చుక్క కోసం పైపును ఎత్తి దులపడం గురించి కూడా ఇద్దరు అడిగారు. ఆ పైపు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, అడ్డుకునే వాల్వు నాజిల్ దగ్గరే ఉంటుంది. దులిపితే వచ్చేది ముక్కులో మిగిలిన కొన్ని చుక్కలే.

ప్రశ్న: బంకుల ఐదు లీటర్ల కొలత పెట్టి చూపించమని అడిగే హక్కు ఉన్నదంటరు. అడిగితే "తాళం ఓనర్ దగ్గరున్నది" అన్నరు. అసలు ఎట్ల చూడాలె? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హంటర్ రోడ్, వరంగల్)

జవాబు: హక్కు ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలత ప్రతి బంకులోనూ ఉండి తీరాలి. పని వేళల్లో ఎప్పుడడిగినా చూపించాలి. తాళం ఓనర్ దగ్గర ఉందనడం జవాబు కాదు. ఫిర్యాదు పుస్తకం అడిగి ఆ మాటే అందులో రాయండి. పుస్తకం బయటికి వచ్చేసరికి తాళం కూడా దొరకడం మామూలే.

చూసే పద్ధతి తెలియకపోతే కొలత పెట్టినా లాభం లేదు. కొలత సన్న మెడ ఉన్న లోహపు పాత్ర. మెడ దగ్గర గీతలుంటాయి. ముందు దాని మీద ముద్ర, ఏ సంవత్సరంలో వేశారో చూడండి. దాన్ని సమంగా ఉన్న నేల మీద పెట్టించండి. ఒకవైపు వాలితే రీడింగ్ తప్పుతుంది. ఎండిన పాత్రలో నేరుగా కొలవకూడదు, గోడలకు అంటుకునే పెట్రోలు లెక్కలో తగ్గుతుంది. అందుకే ఒకసారి నింపి, ఒంపేసి, అర నిమిషం బోర్లించి చుక్కలు కారనిచ్చి, తర్వాతే అసలు కొలత తీయాలి. మిషన్ మీద రూపాయలు కాకుండా 5.00 లీటర్లు సెట్ చేయించండి. నాజిల్‌ను పూర్తి వేగంతో వదలమనండి. ఆగాక నురుగు దిగేదాకా ఆగి, కంటిని గీత ఎత్తుకు దించి చదవాలి.

అనుమతించే తేడా 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం. లీటరు నూరు రూపాయల లెక్కన చూస్తే రెండున్నర రూపాయలు. 10, 15 మిల్లీలీటర్లు తక్కువుందని గొడవ పెట్టుకోవద్దు, అది హద్దులోనే ఉంది. 25 దాటి తక్కువొస్తే ఆ నాజిల్ అమ్మకం ఆపాల్సిందే. కొలిచిన పెట్రోలును తిరిగి వాళ్ల ట్యాంకులోనే పోస్తారు, మీరు కొనక్కర్లేదు.

ఇంకొక్క మాట. చిప్ మోసాల సంగతి మీ ఉత్తరంలో రాశారు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో, 2020లో మన సైబరాబాద్ పోలీసుల చేతిలో ఇలాంటివి బయటపడ్డాయి. సైబరాబాద్ కేసులో మిషన్ లోపల అదనపు చిప్ పెట్టి లీటరుకు సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గించేవారు. ఆ లెక్కన ఐదు లీటర్లకు 150, అంటే అనుమతికి ఆరింతలు. కొలతలో దొరకాల్సిందే. కానీ అధికారులు వచ్చినప్పుడు దాన్ని ఆపేసుకునే ఏర్పాట్లు కూడా కొన్నిచోట్ల దొరికాయి. అందుకే ముందుగా చెప్పి అడగడం కంటే, మీకంటే ముందున్న బండికి పోసిన వెంటనే అదే నాజిల్‌తో కొలత అడగడం మేలు. మిషన్‌కు ఏడాదికోసారి శాఖ తనిఖీ చేసి సీలు వేయాలి. సీసపు సీలు తీగ తెగి ఉన్నా, ముద్ర గడువు దాటినా కొలవకుండానే ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా తూనికలు కొలతల అధికారికి రాతపూర్వకంగా ఇస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: నా బండి ట్యాంకు 9.8 లీటర్లు అని పుస్తకంలో ఉంది. రిజర్వ్‌లోకి కూడా రాకముందే ఫుల్ చేయిస్తే 10 లీటర్ల బిల్లు వచ్చింది. ఉన్న పెట్రోల్ ఎటు పోయినట్టు? (ప్రైవేటు ఉద్యోగి, జనగామ)

జవాబు: ఈ ఒక్క విషయంలో బంకు వాళ్ల మీద రోజూ అనవసరంగా కేకలు పడతాయి. కంపెనీ పుస్తకంలో రాసేది ట్యాంకును ఎంతవరకు నింపాలో ఆ కొలత. పైన ఆవిరికి, ఎండకు పెట్రోలు ఉబ్బడానికి కొంత ఖాళీ వదిలి ఆ అంకె వేస్తారు. మూత అంచుదాకా నింపితే రాసినదానికంటే 15, 20 శాతం ఎక్కువ కూడా పడుతుంది. అంటే మీ ట్యాంకులో కంఠం దాకా 11 లీటర్లకు పైగానే పట్టొచ్చు. అందులో ముందున్న లీటరున్నర కలిపితే మీ లెక్క సరిపోతుంది. అనుమానం తీరకపోతే ఐదు లీటర్ల కొలతే గతి, ట్యాంకు కొలత కాదు.

అసలు కంఠం దాకా ఎందుకు కొట్టించారు? కారుకైతే నాజిల్ లోపలికి దిగి ఉంటుంది. దాని కొన దగ్గర సన్న రంధ్రముంటుంది. పెట్రోలు ఆ రంధ్రాన్ని మూయగానే గాలి అందక లోపలి పొర లాగి నాజిల్ "టక్" మని ఆగుతుంది. బైకుకు నాజిల్‌ను పైనే పట్టుకొని పోస్తారు కాబట్టి ఆ ఏర్పాటు పనిచేయదు, పోసే అబ్బాయి కన్నే కొలత. ట్యాంకు లోపల మూత కింద ఒక లోహపు గొట్టం కిందికి దిగి ఉంటుంది. పెట్రోలు దాని అడుగు అంచును తాకగానే ఆపమనండి. 2020 తర్వాతి బీఎస్6 బండ్లలో ట్యాంకు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. కంఠం దాకా పోస్తే ద్రవమే దాంట్లోకి వెళ్తుంది. అప్పుడు ఫుల్ చేయించిన ప్రతిసారీ బండి వెంటనే స్టార్ట్ కాదు, పెట్రోలు వాసన కొడుతుంది. మెకానిక్ ప్లగ్గు, కాయిల్ అని తిప్పుతుంటాడు, తప్పు మాత్రం కంఠం దగ్గర.

కారులో "టక్" మన్నాక "రౌండ్ ఫిగర్ చేద్దామా సార్" అంటే వద్దనండి. కార్లలోనూ అదే డబ్బా ఉంది.

ప్రశ్న: వాన పడ్డ తెల్లారి పెట్రోల్ కొట్టించిన. రెండు కిలోమీటర్లు పోయినంక గుంజుకుంట గుంజుకుంట ఆగిపోయింది. ట్యాంకుల నీళ్లున్నయి అన్నడు మెకానిక్. బంకుకు పోతే "మా దాంట్ల లేవు, మీ బండిలనే పడ్డయి" అన్నరు. ఎవరిది నిజం? (పాల వ్యాపారి, మహబూబాబాద్)

జవాబు: రెండూ జరుగుతాయి. తేల్చుకునే దారి చెప్తాం.

ముందు మీ బండి చూడండి. బైకు ట్యాంకు మూత చుట్టూ చిన్న పల్లం ఉంటుంది. వాన నీళ్లు అక్కడ నిలవకుండా పోవడానికి ఒక సన్న రంధ్రం, దానికో గొట్టం ట్యాంకు గుండా కిందికి దిగి ఉంటాయి. దుమ్ము, మట్టి చేరి ఆ రంధ్రం మూసుకుపోతే రాత్రంతా పడ్డ వాన మూత చుట్టూ నిలుస్తుంది. మూత రబ్బరు గట్టిపడి ఉంటే మెల్లగా లోపలికి దిగుతుంది, లేదా పొద్దున మూత తీయగానే దొర్లుతుంది. మూత తెరిచి ఆ పల్లంలో రెండు చెంచాల నీళ్లు పోయండి. బండి కింద కారితే రంధ్రం బాగుంది. నిలిస్తే సన్న తీగతో పొడవండి. ఆ పరీక్షకు ముందు ట్యాంకు నోట్లోకి నీళ్లు జారకుండా గుడ్డ పెట్టుకోవడం మరవొద్దు.

ఇది బాగుండి కూడా నీళ్లొచ్చాయంటే బంకును అనుమానించొచ్చు. రెండు కిలోమీటర్లు పోయాక ఆగడం కూడా అదే చెప్తోంది. పైపులో, కార్బ్యురేటర్‌లో మిగిలిన పాత పెట్రోలుతో కొంత దూరం నడిచి, కొత్తది చేరగానే ఆగింది. బంకు ట్యాంకులు భూమిలో ఉంటాయి. వానకాలం మూతల దగ్గర, పైపు అతుకుల దగ్గర నీరు దిగుతుంది. అది చూడటానికి వాళ్ల దగ్గర డిప్ రాడ్డు, దానికి పూసే వాటర్ పేస్టు ఉంటాయి. పేస్టు పూసిన రాడ్డును ట్యాంకు అడుగు దాకా దించి తీస్తే, నీరు తాకినంత మేర రంగు మారుతుంది. "మీ ముందు పేస్టు పెట్టి చూపించండి" అని అడగండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు వేరే పేస్టు ఉంది, డబ్బా మీద పేరు చూడండి.

ఇక్కడే ఇథనాల్ సంగతి తెలియాలి. ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ కొద్ది నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటిందంటే నీటితో పాటు ఇథనాల్ కూడా పెట్రోలును వదిలి అడుగుకు చేరుతుంది. అందుకే సీసాలో తీసి చూస్తే అడుగున ఉండే పొర, నిజంగా పడ్డ నీటికంటే చాలా ఎక్కువ కనిపిస్తుంది. "సగం నీళ్లే పోశారు" అని జనం కేకలేసేది ఇందుకే. పోసింది అన్ని నీళ్లు కాకపోవచ్చు, కానీ పెట్రోలు పనికిరాకుండా పోయిన మాట మాత్రం నిజం.

బండి ఆగగానే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చంపుకోకండి. ట్యాంకు పైపు ఊడదీసి శుభ్రమైన గాజు సీసాలో అర లీటరు తీయండి. పావుగంట కదల్చకుండా పెడితే పొరలు విడిపోతాయి. వెలుతురుకు అడ్డంగా పట్టి ఫొటో తీయండి, పక్కన బంకు బిల్లు కూడా కనబడేలా. తర్వాత ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, ఒక లీటరు మంచి పెట్రోలు పోసి కుదిపి అది కూడా పారబోయాలి. కార్బ్యురేటర్ ఉన్న బండికి అడుగున గిన్నె మర విప్పితే నీరు కారిపోతుంది, ప్లగ్గు తీసి తుడవాలి. ఇంజెక్షన్ బండికైతే ట్యాంకులోని పంపు, దాని జాలీ బయటికి తీసి కడగాలి, పని ఎక్కువ. మెకానిక్ దగ్గర కూడా బిల్లు తీసుకోండి. బంకును అడిగేటప్పుడు ఆ రెండు బిల్లులూ, సీసా ఫొటో లేకపోతే మాట నిలవదు. అదే పొద్దున అదే బంకులో కొట్టించిన ఇంకో ఇద్దరి బండ్లు ఆగాయేమో కనుక్కోండి. ఆగి ఉంటే మూత రబ్బరు వాదన పనిచేయదు.

ప్రశ్న: ఇథనాల్ వచ్చినంక మైలేజీ పడిపోయింది. పాత బండి పాడవుతదా? 95 అని రాసిన ఖరీదు పెట్రోల్ కొట్టిస్తే బాగుంటదా? (రైస్ మిల్లు ఉద్యోగి, జమ్మికుంట)

జవాబు: మైలేజీ తగ్గడం నిజమే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఎంత తగ్గుతుందంటే బండిని బట్టి. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సరిచేసిన కార్లలో 6 నుంచి 7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గొచ్చు. 55 ఇచ్చే బండి 53 ఇస్తే అర్థం ఉంది. 55 నుంచి 40కి పడితే ఇథనాల్‌ను తిట్టకుండా గాలి ఫిల్టరు, టైరు గాలి, బ్రేకు పట్టుకుంటుందా చూడండి.

మైలేజీ కొలిచేవాళ్లు చాలామంది మీటరు ముల్లును నమ్ముతారు, అది తప్పు. ఒకే బంకులో, ఒకే నాజిల్‌తో, బండి సెంటర్ స్టాండ్ మీద ఉండగా ఫుల్ చేయించి కిలోమీటర్లు రాసుకోండి. రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాక అదే తీరుగా ఫుల్ చేయించండి. రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. సైడ్ స్టాండ్ మీద ఒకసారి, సెంటర్ స్టాండ్ మీద ఒకసారి నింపితే లెక్క తప్పుతుంది.

పాత కార్బ్యురేటర్ బండిలో చూడాల్సినవి రబ్బరు భాగాలు. పెట్రోలు పైపును వంచి చూడండి. పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. ట్యాంకు కింద కాక్ వాషరు, కార్బ్యురేటర్ గిన్నె గ్యాస్కెట్ దగ్గర చెమ్మ ఉందా చూడండి. నెలల తరబడి బండి పక్కన పెడితే గిన్నెలోని పెట్రోలు తీసేయండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లకు ఈ బెంగ అక్కర్లేదు.

ఖరీదు పెట్రోలు విషయం: ఆ 95 అనేది ఆక్టేన్ అంకె, అంటే పెట్రోలు ఇంజన్‌లో వేళకు ముందే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పేది. మామూలు పెట్రోలు ఆక్టేన్ ఇంతకుముందు 91. 20 శాతం ఇథనాల్‌తో అది 95 దాకా వస్తోందని కేంద్ర పెట్రోలియం శాఖ చెప్పింది. మీ వంద సీసీ బండి ఇంజన్ ఆ పైది అడగదు. అదనపు రూపాయలు దండగ.

ప్రశ్న: కోతల టైంల హార్వెస్టర్‌కు, ట్రాక్టర్లకు డీజిల్ డ్రమ్ములల్ల తెచ్చుకుంటం. స్ప్రేయర్‌కు పెట్రోల్ సీసాల అడిగితే పొయ్యనంటున్నరు. చట్టం ఏమంటది? (రైతు, పరకాల)

జవాబు: డీజిల్‌కు, పెట్రోలుకు చట్టం వేరు వేరు. పెట్రోలు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి 1934 నాటి పెట్రోలియం చట్టం కింద అది క్లాస్ ఏ, డీజిల్ క్లాస్ బీ. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే లైసెన్సు లేకుండా డీజిల్ 2,500 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, ఒక్కో డ్రమ్ము 1,000 లీటర్లకు మించకూడదు. పెట్రోలు మొత్తం 30 లీటర్లకు మించకూడదు. గాజు పాత్రైతే ఒక్కోటి లీటరు దాకా, లోహపు డబ్బా అయితే 25 లీటర్ల దాకా, మూత గట్టిగా ఉండాలి. ప్లాస్టిక్ ఆ జాబితాలో లేదు. మంచినీళ్ల సీసాలో పోయనంటే బంకు అబ్బాయిని తిట్టొద్దు, అతను చేసింది సరైన పనే. కిరాణా కొట్లో సీసాల్లో అమ్మడం మాత్రం పూర్తిగా నేరం.

స్ప్రేయర్‌కు ఐదు లీటర్ల లోహపు డబ్బా కొనుక్కోండి. పోయించేటప్పుడు దాన్ని ట్రాలీ మీదో, బండి సీటు మీదో ఉంచకూడదు. నేల మీద పెట్టి, నాజిల్ ముక్కు డబ్బా అంచును తాకేలా పట్టించాలి. లేదంటే పెట్రోలు పారే రాపిడికి పుట్టే విద్యుత్తు నేలకు పోయే దారి లేక నిప్పురవ్వగా దూకే ప్రమాదముంది. అంచుదాకా నింపకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ కలిపే లెక్క పుస్తకంలో చూడండి: 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అయితే 20.

డీజిల్ డ్రమ్ముల్లో చట్టం కంటే నీళ్లతోనే ఎక్కువ చిక్కు. ఎండలో నిలబెట్టిన డ్రమ్ము పైన వాన నీళ్లు నిలిచి మూత మరల గుండా లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్మును పడుకోబెట్టి, మూతలు రెండూ పక్కలకు వచ్చేలా ఉంచండి. గొట్టం అడుగు దాకా దించకుండా రెండు అంగుళాలు పైనే ఆపండి, మడ్డి అడుగునే ఉంటుంది.

ప్రశ్న: యూపీఐలో డబ్బులు కట్ అయినయి, బంకు స్పీకర్ మోగలేదు. మళ్లా కట్టమన్నరు, కట్టిన. మొదటివి రాలేదు. (నర్సు, హనుమకొండ)

జవాబు: మొదటి చెల్లింపు మీ యాప్‌లో "విజయవంతం" అని ఉందా, "పెండింగ్" అని ఉందా? పెండింగ్ అయితే, బంకు ఖాతాకు చేరకపోతే, ఐదు రోజుల్లోగా తనంతట తానే వెనక్కి రావాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధన అది. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు 100 రూపాయల చొప్పున ఇవ్వాలి. విజయవంతం అని ఉంటే ఆ డబ్బులు బంకు ఖాతాలోనే ఉన్నాయి. లావాదేవీ నంబరు చూపించి రెండోసారి కట్టింది వెనక్కి అడగండి. సాయంత్రం లెక్క మూసేటప్పుడు తేలుతుంది.

స్కాన్ చేయగానే వచ్చే పేరు కూడా చూడండి. బంకు పేరు కాకుండా ఏదో మనిషి పేరు వస్తే కట్టొద్దు. అసలు స్టిక్కరు మీద ఇంకోటి అతికించడం కొత్త ముచ్చట కాదు.

ప్రశ్న: మా డీజిల్ కారుకు పెట్రోల్ కొట్టిండు. నాలుగు లీటర్లు పడ్డంక చూసుకున్నం. నడుపుకొని ఇంటికి పోవచ్చా? (మంచిర్యాల)

జవాబు: వద్దు. తాళం కూడా తిప్పొద్దు. తిప్పితే చాలు, ట్యాంకులోని పంపు మొదలై పెట్రోలును ముందుకు నెట్టే బండ్లు చాలా ఉన్నాయి. డీజిల్ ఇంజన్‌లో హై ప్రెషర్ పంపు అరగకుండా కాపాడే జిడ్డు డీజిలే ఇస్తుంది. పెట్రోలుకు ఆ జిడ్డు లేదు. లోహం లోహాన్ని అరగదీసి, ఆ పొడి ఇంజెక్టర్లలోకి పోతుంది. అప్పుడు ఖర్చు వేలల్లో ఆగదు. న్యూట్రల్‌లో పెట్టి పక్కకు నెట్టించండి, ట్యాంకు ఖాళీ చేయించి పది లీటర్ల డీజిల్ పోయించండి. బంకు వాళ్ల తప్పయితే ఆ ఖర్చు వాళ్లదే, అక్కడికక్కడే రాయించుకోండి.

సాధారణంగా డీజిల్ నాజిల్ లావు, పెట్రోల్ కారు నోట్లో పట్టదు. పెట్రోల్ నాజిల్ సన్నం, డీజిల్ కారులో సులువుగా దిగుతుంది. అందుకే ఈ తప్పు ఎక్కువగా డీజిల్ బండ్లకే జరుగుతుంది. మూత లోపల "డీజిల్" స్టిక్కరున్నా నోటితో కూడా చెప్పండి.

ప్రశ్న: ఎండకాలం తెల్లారగట్ల కొట్టిస్తే ఎక్కువ వస్తదా? మిషన్ మీద డెన్సిటీ అని ఉంటది, అదేంటిది? (సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని)

జవాబు: మీ దగ్గర మే నెలలో పగటి వేడి 45 దాటినా భూమిలోని ట్యాంకుకు ఆ తేడా అంతగా తెలియదు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి వచ్చే పెట్రోలు దాదాపు ఒకే వేడి మీద ఉంటుంది. రద్దీ తక్కువని పొద్దున పోతే పోండి, లాభం అక్కడే. కొత్త ధర కూడా ఆరింటికే మారుతుంది. 2017 జూన్ 16 నుంచి దేశమంతా అదే పద్ధతి.

డెన్సిటీ అంటే లీటరు బరువు ఎన్ని గ్రాములన్న లెక్క. 15 డిగ్రీల దగ్గర పెట్రోలుకు 720 నుంచి 775 మధ్య ఉండాలి. ట్యాంకరు తెచ్చిన చలానాలోని అంకెకు, బంకులో కొలిచిన అంకెకు 3కు మించి తేడా రాకూడదు. ఇంట్లో హైడ్రోమీటరు (డెన్సిటీ కొలిచే సాధనం) పెట్టి "తక్కువొచ్చింది" అని ఒకాయన రాశారు. 40 డిగ్రీల వేడిలో కొలిస్తే 745 ఉండాల్సింది 723 దగ్గర చూపిస్తుంది, డిగ్రీకి దాదాపు 0.9 తగ్గుతుంది. బంకులో ఉండే పట్టీ చూసి 15 డిగ్రీలకు మార్చుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఫిల్టర్ పేపర్ అడగండి, ఉచితం. నాజిల్ ముక్కు తుడిచి ఒక చుక్క వేయండి. రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలకపోతే సరే. లేత గులాబీ ఛాయ ఉంటే భయపడొద్దు, అది రంగు. నూనె మరకలా జిడ్డుగా మిగిలితే కిరోసిన్‌నో డీజిల్‌నో అనుమానించాలి.

ప్రశ్న: మేడారం రోడ్డు మీద బంకుల్లో బాత్రూంకు తాళం. అడిగితే స్టాఫ్‌కు మాత్రమే అంటారు. గాలి మిషన్ ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. (గృహిణి, ములుగు)

జవాబు: మరుగుదొడ్డి, తాగునీరు, గాలి, ప్రథమ చికిత్స పెట్టె బంకులో ఉచితంగా ఉండాల్సినవే. మీరు పెట్రోలు కొట్టించకపోయినా అడగొచ్చు. తాళం ఉంటే ఫొటో తీసి, తేదీతో కంపెనీ టోల్‌ఫ్రీకి ఫిర్యాదు చేయండి. ఆ నంబరు బంకు బోర్డు మీదే ఉంటుంది. నోటి మాట కంటే ఫిర్యాదు నంబరుకే విలువ. గాలి విషయానికి వస్తే, పది కిలోమీటర్లు నడిపి వేడెక్కిన టైరుకు కొట్టించకండి, రీడింగ్ రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. నైట్రోజన్ పేరు చెప్పి డబ్బులడిగితే మామూలు గాలే చాలని చెప్పండి. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే.